50 వేలలో గేమింగ్ పీసీ: ఈ కొటేషన్‌లో ఏం మార్చాలి?

కాజీపేట_కుర్రాడు:
అన్నా, మానిటర్ ఉంది (1080పీ, 75 హెర్ట్జ్). సీపీయూ వరకే 50 వేలు. వాలరంట్, జీటీఏ 5, వీలైతే సైబర్‌పంక్ ఆడాలి. షాపులో రాసిచ్చింది: రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, ఏ520 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, జీటీఎక్స్ 1650 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఏదో 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై). తీసుకోవచ్చా?

పీసీ_మేస్త్రి:
ఇలాగే అయితే వద్దు తమ్ముడూ. కార్డు విడిగా కొంటున్నప్పుడు 5600జీ ఎందుకు? దాని లోపలి గ్రాఫిక్స్‌కి పనే ఉండదు, పైగా ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) 16 ఎంబీయే. జీ లేని 5600లో 32 ఎంబీ. కోర్లు రెండిట్లోనూ 6, కానీ వాలరంట్ లాంటి ఆటల్లో ఆ క్యాష్ తేడా ఫ్రేముల్లో (సెకనుకు తెరపై వచ్చే బొమ్మల సంఖ్యలో) కనిపిస్తుంది.

కార్డు ఆర్‌ఎక్స్ 6600 8 జీబీ అడుగు. 1650తో సైబర్‌పంక్‌లో టెక్స్‌చర్లు (వస్తువుల పైపూత వివరాలు) తగ్గించక తప్పదు. దానికి రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టే) హార్డ్‌వేర్ కూడా లేదు, డూమ్: ది డార్క్ ఏజెస్ లాంటివి అసలు నడవవు. మధ్యేమార్గం అని 6500 ఎక్స్‌టీ అంటగడితే ఒప్పుకోకు. అది బోర్డుతో డేటా మార్చుకోవడానికి 4 లేన్లే (దారులే) ఉన్న కార్డు, ఏ520లో కార్డు స్లాట్ పాత తరం పీసీఐఈ 3.0 మాత్రమే. కార్డులో 4 జీబీ నిండగానే ఆట ఆగి ఆగి సాగుతుంది. 6600కి 8 లేన్లు కాబట్టి అదే బోర్డులో పెద్ద నష్టం లేదు. బోర్డు మార్చక్కర్లేదు.

వాట్ల_లెక్క:
ఎస్‌ఎంపీఎస్ మాత్రం కచ్చితంగా మార్చండి. 6600 ఒక్కటే 132 వాట్లు లాగుతుంది, 8 పిన్ కేబుల్ కావాలి. చవక డబ్బాల్లో ఆ కేబుల్ లేకపోతే మోలెక్స్ (పాతకాలం 4 పిన్) అడాప్టర్ తగిలించి ఇచ్చేస్తారు. బ్రౌజింగ్‌లో ఏమీ తెలియదు, ఆటలో లోడ్ పడగానే రీస్టార్ట్. పిన్నులు వేడెక్కి కనెక్టర్ కరిగే ప్రమాదమూ ఉంది. పేరున్న కంపెనీది 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే రేటింగ్), 5 ఏళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి. డబ్బు చాలకపోతే క్యాబినెట్ లైట్లు మానేయండి, ఇది కాదు.

కాజీపేట_కుర్రాడు:
థ్యాంక్స్ అన్నా. ర్యామ్ ఇప్పుడు ఒక స్టిక్ వేసుకుని తర్వాత ఇంకోటి పెట్టుకోమంటున్నారు.

పీసీ_మేస్త్రి:
ఇప్పుడే 8+8 కిట్ తీసుకో. ఒక్క స్టిక్ అంటే సింగిల్ చానెల్ (ర్యామ్‌కి ఒకే దారి), ఫ్రేములు తగ్గుతాయి. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి 2, 4లో పెట్టాలి. బయోస్‌లో (బోర్డు సెట్టింగ్స్ మెనూలో) ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ 2133 లేదా 2400 దగ్గరే ఉండిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ కింద స్పీడ్ చూస్తే తెలిసిపోతుంది.

ఏ520 బోర్డు పాత స్టాకైతే బయోస్ అప్‌డేట్ చేయకుండా 5600తో డిస్‌ప్లే రాకపోవచ్చు. షాపులోనే చేయించి, ఆన్ చేసి చూపించమను. ఇంటికొచ్చాక మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టు. 5600లో గ్రాఫిక్స్ లేదు, బోర్డు హెచ్‌డీఎంఐకి పెడితే తెర నల్లగానే ఉంటుంది. విండోస్ 11లో వాలరంట్‌కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (బయోస్‌లోని భద్రతా సెట్టింగ్స్) రెండూ ఆన్‌లో ఉండాలి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిఫ్రెష్ రేట్ 60 ఉంటే 75కి మార్చుకో.