అప్‌డేట్: కొట్టంలో జీవాలను దొంగలు ఎత్తుకుపోకుండా ఏం మార్చామంటే

పలమనేరు దగ్గర పొలంలో ఉన్న కొట్టం నుంచి రాత్రిపూట ఆవులు, మేకలు దొంగల పాలు కాకుండా ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను. చేసినవి చెప్తున్నా.

అసలు లోపం తాళంలో లేదు, గొళ్ళెంలో ఉంది. స్క్రూలతో బిగించిన గొళ్ళెం చిన్న గడ్డపార పెట్టి లాగితే చెక్కతో సహా ఊడొస్తుంది. స్క్రూలు తీసేసి 10 మి.మీ. బోల్టులు తలుపుకు ఆరపార దించాం. గుండ్రటి తల బయటికి, వెడల్పు వాషరూ నట్టూ లోపలికి. మిగిలిన మరను సుత్తితో నలగ్గొట్టాం, నట్టు తిరగదు. తలుపు బందుల పిన్నుల కొసలనూ అలాగే నలగ్గొట్టాం. లేకుంటే తాళం ముట్టకుండానే తలుపు ఎత్తేస్తారు.

ఆవు మెడకు గొలుసేసి తాళం పెట్టమన్న సలహా మాత్రం వద్దనుకున్నాం. గడ్డివాము అంటుకుంటే తాళంచెవి వెతికే లోపే ప్రాణం పోతుంది. తాళం తలుపుకే, ఆవుకు పలుపే.

ఇక పోయిన ఆవు దొరికితే మనదేనని చూపాలి కదా. చెవికున్న 12 అంకెల గుర్తింపు నంబరు ట్యాగును దొంగ కత్తిరించేయగలడు. మూతి మీది గీతలు చెరపలేడు, అవి ఏ ఆవుకా ఆవుకు వేరు. మూతి తుడిచి, చెమ్మ ఆరగానే దగ్గరగా ఫొటో తీయండి. తడి మీద వెలుగు మెరిసి గీతలు పడవు. ఫోన్లో ఒకటి, ఇంట్లో ప్రింటు ఒకటి.