205 సెంటీమీటర్ల పాత స్కీలు, మూడు పిన్నుల బైండింగ్: తీసుకోవచ్చా?

చలికోటు (బెంగళూరు):
అందరికీ నమస్తే. చెన్నైలో ఈసీఆర్ (సముద్రం పక్కనే పోయే రోడ్డు) వైపు ఒక ఇంట్లో పాత బ్యాక్‌కంట్రీ స్కీల జత, అంటే చదును చేసిన దారి లేని మంచులో తిరిగే స్కీలు, అమ్మకానికి ఉంది. నార్వేలో ఉండి తిరిగొచ్చిన వాళ్ళవి. పొడవు 205 సెం.మీ., అంచు మొత్తం స్టీలు, పాదం కిందిభాగంలో చేపపొలుసుల్లాంటి గాట్లు. బైండింగ్, అంటే బూటు ముక్కుని స్కీకి పట్టి ఉంచే బిగింపు, 75 మి.మీ. మూడు పిన్నులది. తోలు బూట్లు 43 సైజు, వెదురు పోల్స్. అన్నీ కలిపి 11,000 అడుగుతున్నారు. నా ఎత్తు 173 సెం.మీ., బరువు 68 కిలోలు, వీపున సంచి ఇంకో పది. ఫిబ్రవరిలో గుల్‌మార్గ్‌లో చదును చోట్ల తిరగాలని, కుదిరితే ఉత్తరాఖండ్‌లో ఔలీ పైనుండే గోర్సన్ బుగ్యాల్ అనే పచ్చికమైదానం దాకా వెళ్ళాలని ఉంది. శనివారం వెళ్ళి చూస్తాను. అక్కడ ఏమేం చూడాలి? రెండోసారి చెన్నై వెళ్ళడం కుదరదు, అక్కడే తేల్చుకోవాలి.

రెండుకర్రలు:
స్కీలు తర్వాత, ముందు బూట్లు తిరగేసి చూడండి. పైన తోలు ఎంత మెరిసినా లెక్కలోకి రాదు, అడుగు సోల్ దేనితో చేశారన్నదే ప్రశ్న. అంచు చుట్టూ దారం కుట్టు కనిపించి, కింద రబ్బరు ఉంటే మంచి లక్షణం. అచ్చులో పోసిన పాలీయురిథేన్ సోల్ అయితే జాగ్రత్త. అది గాలిలో తేమకి లోపల్లోపలే విడిపోతుంది, వాడకుండా అట్టపెట్టెలో దాచినా ఆగదు. సముద్రం పక్కన ఏళ్ళ తరబడి ఉన్నది పైకి కొత్తదానిలా ఉంటుంది, మంచులో గంట తిరిగేసరికి మైసూర్‌పాక్‌లా పొడైపోతుంది. మడమ పట్టుకుని ముందుభాగాన్ని ఒక ఇరవైసార్లు వంచండి. వంపు దగ్గర గోటితో గీరండి. గీత లోతుగా దిగినా, పొడి రాలినా ఆ బూట్ల విలువ సున్నా.

తర్వాత బూటు ముక్కు కింద, బైండింగ్ పిన్నులు దిగే మూడు రంధ్రాలు. గుండ్రంగా ఉండాలి, కోడిగుడ్డులా సాగి ఉండకూడదు. బూటుని బైండింగ్‌లో పెట్టి, ముందుండే కమ్మీని నొక్కి బిగించి, మడమ పట్టుకుని ఎడమకీ కుడికీ తిప్పండి. బూటు ముక్కు బైండింగ్‌లో ఆడితే దిగేటప్పుడు స్కీ మీ మాట వినదు. ఇంకోటి, పాత మూడు పిన్నుల బైండింగుల్లో చాలావాటికి ఎడమ, కుడి వేరు. ఎవరైనా తిప్పి బిగించి ఉంటే బూటు సరిగా కూర్చోదు.

ఇక స్కీ వంపు, అంటే మధ్యభాగం విల్లులా పైకి లేచి ఉండటం. గచ్చు సమంగా ఉన్న చోట స్కీలు పెట్టి, బైండింగ్ స్థానంలో రెండు కాళ్ళ మీదా సమాన బరువుతో నిలబడండి, వీపు మీద సంచి కూడా ఉండాలి. ఇంకొకరు మీ పాదం దగ్గర స్కీకీ గచ్చుకీ మధ్య కాగితం జరపాలి. మడమ నుంచి వేళ్ళకి ఓ జానెడు ముందు దాకా కాగితం తేలిగ్గా జరగాలి. ఇప్పుడు బరువంతా ఒక్క కాలి మీదకి తెచ్చుకోండి, కాగితం ఇరుక్కోవాలి. అప్పుడూ ఆడుతుంటే ఆ స్కీ మీకు మరీ బిగువు, పొలుసులు మంచుని తాకవు, అడుగు ముందుకేస్తే వెనక్కి జారుతుంది. రెండు కాళ్ళ మీదే ఇరుక్కుపోతే వంపు చచ్చిపోయింది. వంపు పోయిన స్కీకి మందు లేదు, బేరం మానేయండి.

పొలుసుపులుసు:
పై వాటికి తోడు, రెండు స్కీల అడుగులూ ఒకదానికొకటి ఆనించి వెలుతురుకి పెట్టి చూడండి. ముందూ వెనకా తాకే చోట్ల రెండు పక్కలా ఒకేలా ఆనాలి. ఒక పక్కే ఆనితే మెలిక తిరిగినట్టు. రూపాయి బిళ్ళతో పొడవునా తట్టుకుంటూ పోండి. ఖంగుమనే చోట ఫర్లేదు, డబ్బుమన్న చోట పొరలు విడుతున్నాయి. ఎక్కువగా కొసల్లో, బైండింగ్ కింద విడుతుంది. ఉప్పుగాలికి అంచు తుప్పు పట్టడం సహజం, 150 నంబరు ఎమరీ పేపర్‌తో పోయేదైతే పట్టించుకోకండి. గుంటలు పడితే మాత్రం ధర తగ్గించమనండి.

205 పొడవు గురించి భయపడకండి. చెయ్యి పైకెత్తితే మణికట్టు దాకా అన్నది పాత లెక్క, మీ ఎత్తుకి దాదాపు అదే. సూటిగా బాగా పోతుంది, మలుపు మాత్రం బస్సు తిప్పినట్టే. గుల్‌మార్గ్ గోల్ఫ్ మైదానం లాంటి చదునులో ఇలాంటివి హాయి. అక్కడి రెండో దశ గొండోలా (కేబుల్ కారు) దింపేది అఫర్వత్ మీద, దాదాపు 3,980 మీటర్ల ఎత్తులో. ఈ జతతో అక్కడినుంచి దిగే ఆలోచన వద్దు. పడినా ఈ బైండింగ్ కాలిని వదలదు. మంచుచరియలు ఎక్కువగా కదిలేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. మీరు చదునులో ఉన్నా మీ పైన అలాంటి వాలు ఉంటే అది మీ సమస్యే.

పొలుసుల పట్టు సున్నా దగ్గర తడిమంచులో బాగుంటుంది. పొద్దున్నే గట్టిపడిన పెచ్చు మీద జారిపోతుంది, అందుకే స్కీ అడుగున పాదం కింద అంటించుకునే పొట్టి స్కిన్లు (వెనక్కి జారకుండా పట్టునిచ్చే బొచ్చుపట్టీలు) ఒక జత వెంట ఉండాలి. పోల్స్ చంకదాకా రావాలి, మీకు 135-140 సెం.మీ. సరిపోతుంది. పోల్స్ కింది కొసన ఉండే గుండ్రటి చట్రాలు చిన్నవైతే మెత్తటి మంచులో దిగబడతాయి.

చలికోటు:
చూశాను. కాగితం పరీక్ష నెగ్గింది. సమాన బరువులో వేళ్ళకి 20 సెం.మీ. ముందు దాకా ఆడింది, ఒంటికాలి మీద గట్టిగా ఇరుక్కుంది. అంచు గోధుమరంగు తుప్పే, గుంటల్లేవు. ఎడమ బూటు సోల్ వంపు దగ్గర పొడిపొడిగా రాలింది, కుట్టు లేదు. కుడి బైండింగ్‌లో ఒక స్క్రూ తిరుగుతూనే ఉంది, బిగుసుకోవడం లేదు. ఒక స్కీ తోక 4 సెం.మీ. మేర విడింది. 5,500కి ఇస్తామన్నారు, తెచ్చేశాను. ఇప్పుడు ఏం చేయాలి?

అరల్డైట్ బాబాయ్:
బూట్లు బయట పడేయండి, అతికించే పని పెట్టుకోకండి. 75 మి.మీ. బూట్లు కొత్తవి ఇంకా తయారవుతున్నాయి, ఎవరైనా విదేశం నుంచి వస్తుంటే కొత్తవే తెమ్మనండి. పాతవి కొరియర్‌లో తెప్పించుకోకండి. వాడిన వస్తువుల దిగుమతికి డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) అనుమతి కావాలి, లేకపోతే కస్టమ్స్‌లో ఇరుక్కుంటాయి.

స్క్రూ సంగతి. ఆ తలలు మామూలు ప్లస్ కావు, పోజిడ్రైవ్ 3 నంబరు. మామూలు బిట్‌తో తిప్పితే గాడి అరిగిపోతుంది. మీ బెంగళూరు ఎస్పీ రోడ్డు హార్డ్‌వేర్ షాపుల్లో పీజెడ్3 అని అడగండి. బైండింగ్ పూర్తిగా ఊడదీయండి. ఆ రంధ్రం లోపల చెక్క తడిగా, నల్లగా ఉంటే రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వాలి. ఆరకుండా జిగురు పోస్తే పట్టదు. తర్వాత నెమ్మదిగా గట్టిపడే అరల్డైట్, రెసిన్, హార్డెనర్ సమానంగా కలిపి, రంధ్రానికి సరిపడా గట్టి చెక్క బిరడాకి పూసి దింపండి. ఐదు నిమిషాల్లో పట్టేది వద్దు, తడికి బలహీనపడుతుంది. తెల్ల వడ్రంగి జిగురు అసలే వద్దు. 24 గంటలాగి, పైభాగం సమం చేసి 3.6 మి.మీ. బిట్‌తో 9 మి.మీ. లోతు. బిట్‌కి 9 దగ్గర టేపు చుట్టుకోండి, లేకపోతే అడుగు నుంచి బయటికొస్తుంది. స్కీలో లోహపు పొర ఉంటే 4.1 బిట్. మళ్ళీ బిగించేటప్పుడు మూడు స్క్రూ రంధ్రాల్లోనూ చుక్క జిగురు వేయండి, నీళ్ళు దిగకుండా అదే అడ్డు.

తోక విడినచోట పాత బ్లేడుతో కొద్దిగా తెరిచి, లోపల ఆరబెట్టి, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబరచి జిగురు లోపలిదాకా ఎక్కించండి. వెచ్చగా ఉంటే పలచబడి లోతుకి పోతుంది. ఆపైన పాలిథిన్ కాగితం చుట్టి, పైనా కిందా రెండు చెక్కపట్టీలు పెట్టి, రెండు జీ-క్లాంపులతో బిగించండి. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా బయటికే వచ్చేస్తుంది.

మైనంముద్ద:
అడుగుభాగం సంగతి ఎవరూ ఎత్తలేదు. పాత మైనం ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకి, మినరల్ టర్పెంటైన్‌తో తుడవండి. నైట్రో థిన్నర్ ముట్టుకోకండి, అంచు జిగురుని తినేస్తుంది. ముందు, వెనక భాగాలకి మాత్రం ఇస్త్రీపెట్టెతో స్కీ వ్యాక్స్, వేడి 120 డిగ్రీల దగ్గర. మైనం పొగవస్తే ఎక్కువైనట్టు. పెట్టె ఒక్కచోట ఆపకండి, కదులుతూనే ఉండాలి. పొలుసుల మీద ఇస్త్రీ వద్దు, గాట్లు పూడిపోతాయి. అక్కడ పేస్టు వ్యాక్స్ రుద్ది వదిలేస్తే చాలు, మంచు అంటుకోకుండా.

చలికోటు:
బోలెడు థాంక్స్ బాబాయ్, అందరికీ. ఫిబ్రవరి దాకా ఎక్కడ పెట్టాలి? మా ఫ్లాట్‌లో అటక మీద చోటుంది.

అరల్డైట్ బాబాయ్:
పై అంతస్తు అయితే అటక వద్దు, వేసవిలో స్లాబు కింద మండుతుంది. మంచం కింద నయం. రెండు స్కీలూ కలిపి మధ్యలో బిగించి కట్టొద్దు, వంపు పోతుంది. కొసల దగ్గర వదులుగా కట్టండి. అడుగుకి కొవ్వొత్తి మైనమైనా పూసి గీకకుండా ఉంచండి, అంచుకి మిషన్ ఆయిల్ రాయండి. స్కిన్లు కొన్నాక వాటి జిగురువైపు జల్లెడగుడ్డ వేసి మడిచి ఫ్రిజ్ కింది అరలో పెట్టుకోండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేస్తే జిగురు ఊడి స్కీ అడుగుకే అంటుకుంటుంది.