సర్వేపల్లి వారి తూర్పు–పడమర మాటలు ఈ కాలానికి పనికొస్తాయా?

తిరువాన్మియూర్ పాఠకుడు: 'ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్' మళ్లీ చదివాను. రాధాకృష్ణన్ 1926లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు, మరుసటేడు పుస్తకంగా వచ్చాయి. పడమటికి యంత్రం ఉంది, మనకు ఆత్మజ్ఞానం ఉంది, రెండూ కలిస్తేనే లోకానికి మేలు అన్నది ఆయన ధోరణి. చదువుతున్నంతసేపూ బాగుంది. మూసేశాక ఏదో వెలితి. మీరేమంటారు?

మైలాపూర్ మూర్తి: వెలితి ఆయనలో లేదండీ. ఎలాంటి రోజుల్లో రాశాడో చూడాలి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివేటప్పుడు, లోకం మాయ అన్నవాడికి నీతి ఎక్కడుంటుందని మిషనరీలు ఎత్తిపొడిచేవాళ్లు. 1908లో ఎం.ఏ. కోసం వేదాంతంలోని నీతి మీద వ్యాసం రాసింది ఆ మాటలకు జవాబుగానే. తర్వాత ష్వైట్జర్ అనే యూరప్ క్రైస్తవ పండితుడు అందుకున్నాడు, భారతీయ చింతన జీవితాన్నే కాదంటుందని. దానికీ 1939లో 'ఈస్టర్న్ రెలిజియన్స్ అండ్ వెస్టర్న్ థాట్'లో దీటుగా బదులిచ్చాడు. అప్పటికే ఆక్స్‌ఫర్డ్‌లో తూర్పు మతాలూ నీతీ చెప్పే స్పాల్డింగ్ పీఠానికి ఆచార్యుడు. జోడ్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1933లో ఆయన మీద ఏకంగా పుస్తకమే రాశాడు, 'కౌంటర్ అటాక్ ఫ్రమ్ ది ఈస్ట్' అని. ఇంకేం కావాలి?

కొరుక్కుపేట కుర్రాడు: జోడ్ మెచ్చుకుంటే మనకేంటి సార్? ప్రశ్నపత్రం వాళ్లదే, మార్కులేసేదీ వాళ్లే. తూర్పంటే ధ్యానం, పడమరంటే యంత్రం అన్న విభజన యూరప్ వాళ్లకు ఇష్టమైనదే. ఈయన దాన్ని కాదనకుండా మన పక్కన గొప్ప అని రాసుకున్నాడు. ఆర్యభటుడి లెక్కలు, సుశ్రుతుడి శస్త్రచికిత్స, వేదాన్నీ పరలోకాన్నీ ఒప్పుకోని చార్వాకుల వెక్కిరింత ఎటు పోయాయి?

మైలాపూర్ మూర్తి: చదవకుండా మాట్లాడకండి. చార్వాకుల మీద ఆయన 'ఇండియన్ ఫిలాసఫీ' మొదటి సంపుటంలో, 1923లోనే, అధ్యాయం ఉంది.

టీ నగర్ రమ: మా ఆఫీసులో ఆయన తిరుత్తణిలో పుట్టాడు కాబట్టి తమిళుడే అంటున్నారు. ఏం చెప్పాలి?

పులికాట్ గాలి: తిరుత్తణి ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లిందే 1960లో. అంతకుముందు చిత్తూరు జిల్లా. ఇంటిపేరు సర్వేపల్లి, నెల్లూరు జిల్లా ఊరు. అయిపోయింది.

మోడరేటర్: ఆ గొడవకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కొట్టుకోండి.

పులికాట్ గాలి: సరే, అసలు విషయం. టాగోర్ 1924లో చైనా వెళ్లి తూర్పు ఆధ్యాత్మికత గురించి చెప్తే అక్కడి కుర్రాళ్లు ఆయనకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచారు. తూర్పు వాళ్లకే ఈ తూర్పు నచ్చలేదు.

కొరుక్కుపేట కుర్రాడు: మూర్తిగారూ, అధ్యాయం ఉండటం వేరు. ఆక్స్‌ఫర్డ్‌లో నిలబడి ఇదీ మేము అని చెప్పినప్పుడు ఎవరిని ముందు నిలబెట్టాడన్నది వేరు.

మైలాపూర్ మూర్తి: నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ విదేశీ అధికారి నలుగురిలో నవ్వుతూ అన్నాడు, మీకు దేవుళ్లు చాలామందే గానీ తత్వం ఉందా అని. నోరు పెగల్లేదు. తర్వాత నాకు నోరిచ్చింది ఈయన పుస్తకాలే. అవమానం పడ్డవాళ్లకు తెలుస్తుంది దాని విలువ. నీకేం తెలుసు?

కొరుక్కుపేట కుర్రాడు: 'నువ్వు' దాకా వచ్చారు కాబట్టి నేనూ చెప్తా. అవమానం నాకూ తెలుసు. మీరు మెచ్చుకునే ఆ 'హిందూ వ్యూ'లోనే భక్తుల్ని వరసలో పెట్టాడు. అందరికంటే పైన పరబ్రహ్మాన్ని కొలిచేవాళ్లు, తర్వాత సగుణ దేవుణ్ణి, అంటే గుణాలున్న దేవుణ్ణి కొలిచేవాళ్లు, ఆ తర్వాత రాముడు, కృష్ణుడు, బుద్ధుడి భక్తులు, వాళ్ల కింద పితరుల్నీ దేవతల్నీ ఋషుల్నీ పూజించేవాళ్లు. అట్టడుగున క్షుద్రశక్తుల్నీ భూతాల్నీ కొలిచేవాళ్లు. మా పోలేరమ్మ ఏ వరసో మీరే చెప్పండి. సూళ్లూరుపేట నుంచి మా తాత రైలు పనికి ఇక్కడికొచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నది ఆవిడనే. మీ పేటలోనే ఇల్లు అద్దెకు అడిగితే, "మీ అమ్మవారికి కోడి కోస్తారా?" అని అడిగి తలుపేశారు. ఆ ఇంటాయన రాధాకృష్ణన్‌ని చదివాడని నేననను. చదవక్కర్లేదు కూడా.

మైలాపూర్ మూర్తి: ఇల్లు ఇవ్వనివాడి పాపం ఆయనకు చుట్టకండి. ఆయన ఎవర్నీ తోసెయ్యలేదు. ఎవరి దేవుణ్ణి వాళ్లని కొలుచుకోనిచ్చి, నెమ్మదిగా పైకి వస్తారన్నాడు. మిషనరీ అయితే వదిలెయ్యమనేవాడు.

కొరుక్కుపేట కుర్రాడు: పైకి ఎందుకు రావాలి సార్? మిషనరీ కూడా మమ్మల్ని పైకి తెస్తాననే వచ్చాడు. ఈయనకు ఓపిక ఎక్కువ, అంతే తేడా. కులాన్ని కూడా జాతుల మధ్య తగవుకు హిందువులు చూపిన దారి అన్నట్టు సమర్థించాడు. 1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ ఈయన్ని పేరు పెట్టి మరీ పట్టుకున్నాడు. ఇన్ని వేల ఏళ్లు నిలిచాం కాబట్టి గొప్పవాళ్లం అంటే ఒప్పుకోలేదు. బతికామా లేదా అని కాదు, ఏ స్థితిలో బతికామో చూడమన్నాడు. జోడ్ పుస్తకం గురించి చెప్పారే, ఈ జవాబు మీ లిస్టులో ఎందుకు లేదు?

టీ నగర్ రమ: అమ్మో. నేను ఏదో టీచర్స్ డే థ్రెడ్ అనుకుని వచ్చా.

మైలాపూర్ మూర్తి: అంబేద్కర్ ప్రశ్న వేరు, రాధాకృష్ణన్ ప్రశ్న వేరు. ఈయన ఎదుట కూర్చున్నది ఆంగ్లేయులు. ఆ సభలో ఇంటి గుట్టు విప్పమంటారా?

కొరుక్కుపేట కుర్రాడు: ఇప్పుడు దారికొచ్చారు. ఆ ఇంట్లో మేం ఉన్నామా లేదా అన్నదే నా గొడవంతా. తూర్పూ పడమరా తర్వాత చూసుకుందాం.

తిరువాన్మియూర్ పాఠకుడు: మూర్తిగారూ, ఆ చార్వాకుల అధ్యాయం ఎన్నోది?

మైలాపూర్ మూర్తి: అయిదోది. జైనుల కంటే, బౌద్ధుల కంటే ముందే పెట్టాడు, గమనించండి.