కుంకుడు రసం పులవకుండా ఎలా ఉంచాలి?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఉంటాం, అంతా బోరు నీళ్లే. గిన్నెలు తోమే లిక్విడ్ మానేసి కుంకుడు రసం వాడుతున్నాం. జిడ్డు బాగా వదులుతోంది. గిన్నెలు తోమే అక్కకు చేతులు పగలడం తగ్గింది, నాకు అదే పెద్ద సంతోషం. కానీ ఈ ఎండలకి రసం మర్నాటికే పులిసి, మూత తీస్తే వాసన. ఫ్రిజ్‌లో పెట్టకుండా నిల్వ ఉంచే పద్ధతి ఉందా? నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపితే లీటరుకు ఎంత వేస్తున్నారు? గ్లాసుల మీద ఉప్పు నీళ్ల తెల్ల చారలకూ అది పనికొస్తుందిగా.

ఇంకొకటి. మా పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లు 30 వాట్ల చుట్టూ తీసుకుంటాయి. రాత్రంతా తిరిగే పడగ్గది ఫ్యాను ముందు మారుద్దామని ఉంది. రెండు మూడేళ్లుగా వాడుతున్నవాళ్లు, లోపల సర్క్యూట్ బోర్డు పోతే రిపేరు దొరుకుతోందో లేదో దయచేసి చెప్పండి.