సంగటి, ఉగ్గాని మానకుండా బరువు తగ్గడం కుదురుతుందా?

బురుజు పక్కన (కర్నూలు):
అందరికీ నమస్కారం. వయసు 38, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 91 కిలోలు. నడుము 106 సెంటీమీటర్లు. మగవాళ్లకు 90 దాటకూడదంట. పోయిన నెల పరగడుపు షుగర్ 117 వచ్చింది. ఇంకా షుగర్ కాదు కానీ అంచులో ఉన్నావు, ముందు పది కిలోలు తగ్గు అన్నాడు డాక్టర్.

నాకు తిండి అంటే ప్రాణం. పొద్దున షాపు తీసే ముందు ఉగ్గాని బజ్జి పడాలి. ఆదివారం సంగటి, నాటుకోడి పులుసు లేకపోతే అది ఆదివారమే కాదు. మూడు వారాలు చప్పిడి తిండి తిని 4 కిలోలు తగ్గాను. తర్వాత మా చెల్లెలి గృహప్రవేశంలో నెయ్యి వేసుకుని రెండు ఓలిగలు (బొబ్బట్లు) తిన్నాను. ఆ రోజు నుంచి పదిహేను రోజులు నోరు ఆగలేదు, తగ్గిన 4 తిరిగి వచ్చాయి. అడిగేది ఒకటే. ఇష్టమైనవి పూర్తిగా మానాలా, కొలత పెట్టుకుని తినొచ్చా?

నల్లరేగడి (ఆదోని):
మానాలి తమ్ముడూ. నేను 104 నుంచి 83కి వచ్చి మూడేళ్లు. అన్నం, ఓలిగ, బజ్జి ముట్టను. కొలత అనేది తిండి మీద పెద్దగా ఇష్టం లేనివాళ్లకు పనికొచ్చే మాట. ఒక బజ్జి తిని చేయి కడుక్కోగలిగినవాడు మనలాగా ఎందుకు పెరుగుతాడు? నీ సంగతి నువ్వే రాశావు. రెండు ఓలిగలు, పదిహేను రోజులు.

కడప పెరడు (కడప):
అన్నా, ఓలిగ ఏడాదికి నాలుగుసార్లు తింటాడేమో. నూనె రోజూ తింటున్నాడు. తమ్ముడూ, ముందు మీ వంటింట్లో నూనె క్యాన్ చూడు. నలుగురున్న ఇంట్లో 5 లీటర్లు నెలకు అయిపోతుంటే మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్ల పైనే పడుతుంది. అంటే దాదాపు 340 కేలరీలు, కంచంలో కనబడకుండానే. ఉగ్గానిలో బొరుగులు తేలికే. నానబెట్టి పిండాక తిరగమోతలో పోసే నూనె, పైన చల్లే పుట్నాల పొడి, పక్కన బజ్జీలు, బరువంతా అక్కడుంది. బజ్జీలు వదిలేసి, తిరగమోత నూనె చెంచాతో కొలిచి పోస్తే ఉగ్గాని మానక్కర్లేదు. సంగటి అయితే అస్సలు మానొద్దు. రాగి మంచిది.

నల్లరేగడి (ఆదోని):
సంగటిలో బియ్యం ఉంటుందని మరిచారా అక్కా? మా ఇంట్లో గ్లాసు బియ్యానికి గ్లాసు పిండి. సగం అన్నమే.

కడప పెరడు (కడప):
అది మీ ఇంట్లో. మేము గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల పిండి వేస్తాం. బియ్యం ముద్ద కట్టడానికే.

బుడ్డలచేను (అనంతపురం):
మా అవ్వ అసలు బియ్యం వేసేదే కాదు. ఎసరు మరిగాక పిండి పోసి కట్టెతో కెలికేది.

నల్లరేగడి (ఆదోని):
ఎన్ని గ్లాసులు వేసినా లెక్క పెద్దగా మారదు. వంద గ్రాముల బియ్యం 350 కేలరీలైతే రాగిపిండి 320. రాగి అనే పేరు చెప్పుకుని రెండు ముద్దలు మింగితే ఒంటికి పట్టదా?

కడప పెరడు (కడప):
రెండు ముద్దలని ఎవరన్నారు? వంద గ్రాముల రాగిలో పీచు 11 గ్రాములు, బియ్యంలో 3 కూడా లేదు. ఒక ముద్ద తింటే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఇంకేం అడగదు కడుపు. అన్నం తింటే నాలుగింటికే బుడ్డలు (వేరుశనగలు) వెతుక్కుంటాం. గుప్పెడు బుడ్డలంటే 160 కేలరీల పైమాటే.

నల్లరేగడి (ఆదోని):
ఆ ఒక ముద్ద ఎంత? మా అమ్మ చేసే ముద్ద కొబ్బరికాయంత ఉంటుంది.

ఏడురోడ్లు (కడప):
అడిగిన మనిషి షుగర్ గురించి అడిగాడు. మీరు గ్లాసుల దగ్గరే ఉన్నారు.

నల్లరేగడి (ఆదోని):
గ్లాసుల్లోనే ఉంది అసలు విషయం. నోరు కట్టుకోలేనివాళ్లే ఇలా గ్లాసులు, చెంచాలు లెక్కపెడతారు. అక్కా, మీరు ఎంత తగ్గారో చెప్పండి, అప్పుడు మీ మాట వింటాను.

కడప పెరడు (కడప):
తగ్గలేదు, పెరిగాను. 71 ఉండేదాన్ని, ఇప్పుడు 78. ఎందుకో కూడా చెబుతాను.

మా ఆయనకు డాక్టర్ తగ్గమన్నాడు. ఆరు నెలలు ఆయనకు వేరే వంట చేశాను. ఆయనకు జొన్నరొట్టె, ఆకుకూర, పిల్లలకు అన్నం, పప్పు, మామగారికి మెత్తగా ఇంకొకటి. మూడు పొయ్యిలు పెట్టినట్టే. ఆయన 9 కిలోలు తగ్గాడు. బంధువులంతా ఎంత పట్టుదల అని మెచ్చుకున్నారు. రాత్రి తొమ్మిదిన్నరకు అందరూ లేచాక నేను కూర్చునేదాన్ని కాదు, పొయ్యి దగ్గరే నిలబడేదాన్ని. సంగటి గిన్నె అడుగున అట్టు కట్టి ఉంటుంది కదా, దాన్ని తెడ్డుతో గీకి, మిగిలిన పులుసు పోసుకుని, పిల్లలు వదిలిన పప్పన్నం కలుపుకుని తినేదాన్ని. ఆకలై కాదు. పారబోయడానికి చేయి రాక. చెనక్కాయల చేను ఎండిపోయిన ఏళ్లు చూసి పెరిగినదాన్ని నేను, మెతుకు కింద పడితే మా అమ్మ కళ్లకద్దుకునేది.

తర్వాత ఒక పెళ్లిలో మా ఆడపడుచు నా చేయి పట్టుకుని, అన్నయ్య తగ్గాడు, నువ్వెందుకు తగ్గవు వదినా అంది. నోరు కట్టుకోలేకనా అన్నా? చెప్పండి.

పోషణ చదువు (అనంతపురం):
నేను పోషకాహారమే చదువుతున్నాను, ఒక మాట. బరువు తగ్గినప్పుడు ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. 2011లో ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధనలో, బాగా కడుపు మాడ్చుకుని తగ్గినవాళ్లకు ఏడాది తర్వాత కూడా ఈ మార్పు పోలేదు. మూడు వారాల్లో 4 కిలోలు తగ్గిన అన్నకు ఓలిగ తర్వాత ఆగకపోవడం అతని గుణం కాదు, ఒళ్లు వెనక్కి లాగుతోంది. కొంచెం నెమ్మదిగా తగ్గితే మంచిది.

నల్లరేగడి (ఆదోని):
అక్కా, నోరు కట్టుకోవడం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. బరువు అడగడం కూడా తప్పే.

కానీ మానాలి అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. మా నాన్నకు పద్నాలుగేళ్లు షుగర్. ఉగాదికి ఓలిగ పెట్టినప్పుడు మా అమ్మ ఒక్కటే కదా అనేది. శ్రావణమాసంలో పాయసం, కొంచెమే కదా. తద్దినం నాడు గారెలు, రెండే కదా. ముందు కాలి బొటనవేలు తీశారు, తర్వాత మోకాలి కింద నుంచి తీశారు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు ఆయన మంచం మీద కూర్చుని లేని కాలు దురద పెడుతోంది గోకరా అన్నాడు. దుప్పటి మీద గోకాను. కొలతగా తినొచ్చు అని ఎవరన్నా నాకు ఆ ఒక్కటే కదా వినబడుతుంది. నాకు ఒక్కటి దగ్గర ఆగడం రాదు. మా నాన్నకూ రాలేదు.

కడప పెరడు (కడప):
అన్నా, ఇది మొదటే చెప్పి ఉంటే గ్లాసుల గురించి అంత మాట్లాడేదాన్ని కాదు. మీరు మానడం సరైనదే. మానడం మీద నాకు అభ్యంతరం లేదు. మీరు మానినప్పుడు మీ ఇంట్లో ఎవరికి వంట పెరిగింది, మిగిలింది ఎవరి కంచంలోకి పోయింది, అది అడుగుతున్నాను. మీ అమ్మ ఒక్కటే కదా అన్నది కూడా ప్రేమతోనే. పెట్టడం తప్ప ఆమెకు ఇంకో దారి ఎవరు చూపించారు?

నల్లరేగడి (ఆదోని):
వంట మా ఆవిడే చేసింది. మిగిలింది ఏమైందో నేను చూడలేదు. అమ్మ గురించి ఇప్పుడు రాయలేను.

బుడ్డలచేను (అనంతపురం):
అన్నా, అక్కా, ఇద్దరికీ దండం. మా ఇంట్లో కూడా అమ్మే ఆఖరున తింటుంది.

బురుజు పక్కన (కర్నూలు):
షాపు పనిలో రెండు రోజులు రాయలేకపోయాను. రాత్రి మా ఆవిడకు ఇదంతా చదివి వినిపించాను. సంగటి గిన్నె అడుగు మాట రాగానే ఆపమంది. నువ్వు మూడు వారాలు చప్పిడి తిన్నప్పుడు పిల్లల కోసం వండింది మిగిలితే ఎవరు తిన్నారనుకున్నావు అని అడిగింది. నేను ఆలోచించనేలేదు.

ఓలిగ, బజ్జి విషయంలో ఆదోని అన్న చెప్పింది నాకు పట్టింది. అవి నా చేతిలో ఆగవు, మానేస్తున్నా. సంగటి ఉంటుంది. నలుగురికి ఈ నెల 3 లీటర్ల నూనె తెచ్చాం. నాకు వేరే వంట వద్దన్నాను, అందరికీ ఒకటే. రాత్రి అందరం ఒకేసారి కూర్చుంటున్నాం, గిన్నెలు నేను కడుగుతున్నా. నిన్న సంగటి ముద్ద కన్నా తక్కువే మిగిలింది, నీళ్లు పోసి పెట్టాను. కడప అక్కా, అది పొద్దున మజ్జిగలో కలిపి తాగితే ఉగ్గాని బదులు సరిపోతుందా?

కడప పెరడు (కడప):
సరిపోతుంది తమ్ముడూ. మజ్జిగ పలచగా చేసుకో, ఉల్లిపాయ కొరుక్కో, బుడ్డలు పక్కన పెట్టుకోకు. మీ ఆవిడను కూడా ఒకసారి థైరాయిడ్, షుగర్ పరీక్ష చేయించుకోమను.