‘ఉండేటోడు’ తప్పు మాటేనా? 2023లో నాకు నచ్చిన పాటలతో ఒక జవాబు

కరీంనగర్ నుంచి ఒక సభ్యురాలి ప్రశ్న:

సార్, నమస్కారం. మా బాబు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. నచ్చిన పాట గురించి పది వాక్యాలు రాయమంటే ‘దసరా’ సినిమాలోని ‘చమ్కీల అంగీలేసి’ గురించి రాశాడు. అందులో ‘చాకు లెక్కుండేటోడు’ అన్న మాటకు ఎర్ర సిరాతో సున్న చుట్టి, పక్కన ‘అశుద్ధం’ అని రాశారు. వాడు చాలా చిన్నబుచ్చుకున్నాడు. మా అత్తమ్మ మొదలుకొని ఇంట్లో అందరం ఇట్లాగే మాట్లాడుకుంటాం. ఇది నిజంగా తప్పేనా? వీలు చూసుకొని వివరంగా చెప్పగలరు.

జవాబు:

అమ్మా, ఏడాది చివర కనుక మన బృందంలో అందరూ ఈ సంవత్సరం తమకు నచ్చిన సినిమాలు, పాటలు, సందర్భాల గురించి రాస్తున్నారు. నేనూ రాద్దామనుకుంటున్న సమయంలో మీ ప్రశ్న చూశాను. నాకు నచ్చినవన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి రెండింటినీ కలిపి రాస్తున్నాను. ముందు సూటిగా చెప్పవలసింది చెబుతాను. ‘ఉండేటోడు’ అశుద్ధం కాదు. అది పాత తెలుగు క్రియారూపం, మన తెలంగాణ జిల్లాల నోట ఇంకా బతికి ఉన్న రూపం.

పాలకుర్తి పక్కనున్న బమ్మెర మన పోతన ఊరు. ఆయన భాగవతం మొదట్లో చెప్పుకున్న పద్యం మీ బాబుకు కూడా వచ్చే ఉంటుంది: ‘పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట’. ఇందులోని ‘పలికించెడివాడు’ అనే మాటను విడదీసి చూడండి. ‘పలికించు’ ధాతువు, దాని మీద ‘ఎడి’, ఆ పైన ‘వాడు’. ఎప్పుడూ జరిగే పనిని, ఉండే స్వభావాన్ని చెప్పే ఇటువంటి రూపాన్ని వ్యాకరణంలో తద్ధర్మార్థక విశేషణం అంటారు. ఇప్పుడు మీ బాబు రాసిన మాటను విడదీయండి. ‘ఉండు’ ధాతువు, దాని మీద ‘ఏటి’, ఆ పైన ‘ఓడు’. పోతన ‘ఎడి’లో ఎకారం సాగి, డకారం టకారమై మన ‘ఏటి’ అయింది. ‘వాడు’ అనే మాట ‘ఓడు’ కావడం తెలుగు నేల అంతటా ఉన్నదే. చిన్నవాడు ఎక్కడైనా చిన్నోడే కదా. పత్రికల భాషకు పునాది అయిన కోస్తా వాడుకలో ఆ ‘డి’ పూర్తిగా జారిపోయి ‘ఉండే’ మాత్రమే మిగిలింది. అంటే అరిగిన రూపం పుస్తకాల్లోకి ఎక్కింది, అరగని రూపం మన ఇళ్లలో ఉండిపోయింది. ‘ఉండేవాడు’ను శుద్ధమని, ‘ఉండేటోడు’ను అశుద్ధమని అనడానికి వ్యాకరణంలో నాకు ఏ ఆధారమూ కనిపించడం లేదు.

ఆ పాటలో మరో రెండు సంగతులున్నాయి. ‘చాకు లెక్కుండేటోడు’లో ‘లెక్క’ అనే మాటకు గణితంతో పని లేదు. ‘లాగా’, ‘వలె’ అనే అర్థంలో మనం వాడుకునే మాట అది. ‘చాకులాంటి కుర్రాడు’ అని మిగతా వాళ్లనేదాన్నే మనం ‘చాకు లెక్క’ అంటాం. లెక్క, ఉండేటోడు కలిసి లెక్కుండేటోడు అయినప్పుడు జరిగింది అత్వసంధి. ఇక పాట మొదటి మాటలు చూడండి. అంగీలు, వేసి అని రాస్తే అక్కడ సంధికి చోటే లేదు, ఎందుకంటే ‘వేసి’ హల్లుతో మొదలవుతుంది. మన నోట అది ‘ఏసి’ కనుక ఉత్తుకు అచ్చు పరమై, ఉత్వసంధి జరిగి ‘అంగీలేసి’ అయింది. తాళానికి సరిపోయేలా ఆ మాట అంత బిగువుగా కూర్చున్నదంటే కారణం ఈ సంధే. హన్మకొండలో పెరిగిన కాసర్ల శ్యామ్ రాసిన పాట ఇది. రామ్ మిర్యాల, ఢీ పాడారు. ఈ వేసవిలో మా వైపు ఈ పాట లేని బరాత్ ఉండి ఉండదు. ఇంటాయన మీద ఫిర్యాదును అమ్మ దగ్గరో, స్నేహితురాలి దగ్గరో కాకుండా ‘ఓ వదినే’ అని వదినె ముందు పెట్టడం మన పల్లెపాటల పద్ధతి. ఆడబిడ్డకు, వదినెకు మధ్య ఉండే ఆ చనువు తెలిసినవారికి ఆ పిలుపులోని అందం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

ఇక నా ఏడాది సంగతికి వస్తాను. నాకు నచ్చినవాటిలో ఎక్కువ భాగం ఒక్క మార్చి నెలలోనే జరిగాయి. మార్చి 3న ‘బలగం’ విడుదలయింది. మన కాలమానం ప్రకారం 13వ తేదీ ఉదయం ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చింది. 22న ఉగాది, శుభకృత్తు వెళ్లి శోభకృత్తు వచ్చింది. 30న ‘దసరా’ వచ్చింది. దశాబ్దాల పాటు మన యాసను తెర మీద హాస్యగాడికో, రౌడీకో అప్పగించి, నాయకుడి చేత మాత్రం వేరే తెలుగు మాట్లాడించడం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అటువంటిది ఈ ఏడాది తాతలు, కొడుకులు, ప్రేమికులు, దుఃఖంలో ఉన్నవాళ్లు అందరూ ఆ భాషలోనే మాట్లాడారు. అక్టోబరులో వచ్చిన ‘భగవంత్ కేసరి’లో బాలకృష్ణ అంతటి నటుడు కూడా తెలంగాణ మాటలే పలికారు. నాకు ఈ సంవత్సరపు పెద్ద సంతోషం ఇదే.

‘నాటు నాటు’ రాసిన చంద్రబోస్‌ది చల్లగరిగ, పాత వరంగల్ జిల్లా చిట్యాల మండలంలోని ఊరు. భారతీయ చిత్రంలోని పాట ఒకటి ఉత్తమ గీతంగా ఆస్కార్ అందుకోవడం అదే మొదటిసారి. ఆ ఉదయం దేశమంతా పలికిన ‘నాటు’ అనే మాట మనకు నాటుకోడిలో, నాటువైద్యంలో రోజూ వినిపించేదే. ‘నాడు’ అంటే సీమ. పల్నాడు నుంచి పల్నాటి అన్నట్టే, నాడుకు చెందినది నాటు. మోటు అనే అర్థం ఆ తరువాత పట్టణాల వాళ్లు అంటించినది. పొలంలో వేసే వరినాటు వేరే మాటే అయినా, వానకాలం నాట్లు చూస్తూ పెరిగిన కవి చెవిలో ఆ రెండూ కలిసే మోగి ఉంటాయని నాకు అనిపిస్తుంది. ఆ పాటలో ఎర్రజొన్న రొట్టె, మిరపతొక్కు కలిసి వచ్చే చోటు నాకు మరీ ఇష్టం. అక్కడ ‘పచ్చడి’ అన్నా పాట నడిచిపోయేదే. కానీ మన ఇళ్లలో మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు తప్ప పచ్చడి అన్న మాట తక్కువ. ఆ ‘తొక్కు’ను ఆయన వదలలేదు. ఆగస్టు 24న ప్రకటించిన జాతీయ అవార్డులలో ‘కొండపొలం’లోని పాటకు ఉత్తమ గీత రచయితగా కూడా ఆయనే ఎంపికయ్యారు.

‘బలగం’ గురించి కొంచెం ఎక్కువ రాయాలి. సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసిన ఈ చిత్రాన్ని ఊళ్లలో పంచాయతీల ముందు తెరలు కట్టి చూశారు. పరకాల దగ్గరి మా ఊళ్లోనూ అట్లాగే వేశారు. ఆడవాళ్లు ఇళ్ల నుంచి చాపలు తెచ్చుకొని ముందు వరుసలో కూర్చున్నారు. మగవాళ్లు వెనుక ట్రాక్టరు ట్రాలీల మీద కూర్చున్నారు. చనిపోయిన మనిషి పేరున పెట్టిన మెతుకును పిట్ట ముట్టని సన్నివేశం రాగానే ముందు వరుసలోని పెద్దమ్మలు తెరతోనే మాట్లాడడం మొదలుపెట్టారు: ‘ఇంక ఏం మనసుల ఉన్నదో, ఏందో’ అని. మన దగ్గర పెట్టేది కాకికే అయినా, ఆ సందర్భంలో కాకి పేరు ఎత్తరు, ‘పిట్ట’ అనే అంటారు. చావింట్లో పలికే మాటలకు ఉన్న ఈ మర్యాదను సినిమా ఎక్కడా తప్పలేదు. చివర దుగ్గొండికి చెందిన కొమురవ్వ, మొగిలయ్య దంపతులు పాడిన పాటకు మా ఊళ్లో తల ఎత్తి కూర్చున్నవాళ్లు లేరు. పక్కనున్న పెద్దాయన మెడలో తువ్వాల తీసి ముఖానికి అడ్డం పెట్టుకొని, పాట అయిపోయేదాకా దించలేదు. వాళ్లు బుడగజంగాల కళాకారులు. చనిపోయినవారి ఇంటి ముందు కూర్చొని, ఆ మనిషి బతుకును, ఇంటివాళ్ల పేర్లను కలుపుకొని పాడడం వాళ్ల వృత్తి. అదే వృత్తిని, అదే గొంతును దర్శకుడు తెర మీదికి తెచ్చారు.

ఆ చిత్రం పేరు కూడా మన చర్చకు తగినదే. పత్రికల్లో ‘కేంద్ర బలగాలు’, ‘భద్రతా బలగాలు’ అని చదివి చదివి, బలగం అంటే తుపాకులు పట్టుకున్నవాళ్లే అనుకునే స్థితి వచ్చింది. ‘వాళ్లకు బలగం ఉన్నది’ అని మన పల్లెల్లో అంటే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనమామలు, బావమరుదులు, కష్టం వస్తే వాకిట్లో నిలబడేవాళ్లు అందరూ ఉన్నారని అర్థం. ఈ సినిమా తరువాత ఆ మాటకు ఆ అర్థమే ముందు గుర్తుకు వస్తోంది.

చావింటి మాటల్లోనే మరొకటుంది. మనం ‘మూడొద్దులు’, ‘ఐదొద్దులు’, ‘పదకొండొద్దులు’ అంటాం. ఒద్దు అంటే ఏమిటని నగరంలో పెరిగిన పిల్లలు అడుగుతారు. అది ‘పొద్దు’, అంటే రోజు. మూడు, పొద్దులు కలిసినప్పుడు పకారం వకారమై, ఆ వకారం కూడా తేలిపోయి మూడొద్దులు అయింది. బడిలో ‘వాడు పోయె’ను ‘వాడు వోయె’ అని ఉదాహరణ చూపి నేర్పే గసడదవాదేశ సంధి ఇటువంటిదే. పిల్లలు కంఠస్థం చేయలేక బాధపడే ఆ సూత్రాన్ని మన అవ్వలు ఏ బడికీ పోకుండానే రోజంతా పాటిస్తారు. ‘యాడికి వోతున్నవ్’ అని అడిగినప్పుడల్లా వినిపించేది ఆ మార్పే.

పొద్దు అన్న మాట దగ్గర ఆగస్టు 6 గుర్తుకు వస్తుంది. గద్దర్ ఆ రోజు మనల్ని విడిచి వెళ్లారు. నచ్చిన సందర్భాల మధ్య దీన్ని చెప్పడం సరి కాదేమో, అయినా చెప్పకుండా ఈ ఏడాదిని నేను తలచుకోలేను. ‘పొడుస్తున్న పొద్దుమీద’ అని ఆయన ఎత్తుకున్నప్పుడు, ఆ ‘పొద్దు’ను పంచాంగంలోని మాటగా కాక కూలికి పోయే మనిషి చూసే పొద్దుగా విన్నాం. ఆ రాత్రి మా వీధిలో చాలా ఇళ్ల నుంచి ఆయన గొంతే వినిపించింది.

మీ బాబు సంగతి, అమ్మా. పాట గురించి రాస్తూ పాటలోని మాటను ఉన్నది ఉన్నట్టుగా ఎత్తి రాసినప్పుడు దానిని దిద్దడానికి ఎవరికీ వీలు లేదు. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టడం మాత్రం నేర్పండి. సొంత వాక్యాల్లో, పరీక్షలో, దరఖాస్తులో అన్ని జిల్లాల వారికీ సమానంగా అందే రాతభాష వాడమని ఉపాధ్యాయులు చెబితే అది న్యాయమే, వినాలి. కానీ ‘ఇక్కడ రాతభాష వాడు’ అని చెప్పడం వేరు, ‘అశుద్ధం’ అని ఎర్ర సిరాతో రాయడం వేరు. రెండో మాట విన్న పిల్లవాడు ఇంటికి వచ్చి నాయనమ్మ మాటను కూడా తప్పుగా వినడం మొదలుపెడతాడు. వీలైతే పోతన పద్యాన్ని, పాటలోని ఆ మాటను ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి, ‘ఎడి’, ‘ఏటి’ల కింద గీత గీసి, ఆ ఉపాధ్యాయులకు మర్యాదగా చూపించమనండి. భాష చెప్పేవారు దానిని కాదనరని నా నమ్మకం.

ఖమ్మం నుంచి ఒక సభ్యుడు:

సార్, మీరు చెప్పింది బాగుంది. కానీ ఇప్పుడు సినిమాల్లో ప్రతి మాట చివర ‘ఇండు’ తగిలించి అదే తెలంగాణ అంటున్నారు. ఇది కూడా ఒక రకమైన ఎగతాళి కాదా?

జవాబు:

ఎగతాళి అని నేను అనను, అన్నా, కానీ మీ అసంతృప్తి న్యాయమైనదే. సినిమా భాష ఇంకా ఒక్క అచ్చులోనే ఉంది. తెర మీద అందరూ ‘వచ్చిండు’ అంటారు. పరకాల, హుజూరాబాద్ వైపు పల్లెల్లో ‘అచ్చిండు’ అనేవాళ్లు ఎందరో ఉన్నారు. ‘పోతున్న’ అనే చోట మన వైపు ‘పోతాన’ అంటాం. ఈ తేడా తెర మీద అరుదుగా వినిపిస్తుంది. ‘బలగం’లో నాకు నచ్చినదేమిటంటే, అక్కడ యాస క్రియల చివర అతికించినట్టుగా ఉండదు. మనుషులు ఒకరినొకరు పిలుచుకునే తీరులో, అలిగే తీరులో, మాటను మధ్యలో వదిలేసే తీరులో ఉంటుంది. రాసేవాళ్లు ఒక మండలం ఎంచుకొని, అక్కడ కొన్నాళ్లు కూర్చొని వింటే మీరన్న లోపం తీరుతుంది.

హన్మకొండ నుంచి ఒక సభ్యురాలు:

సార్, ‘చమ్కీ’, ‘అంగీ’ రెండూ ఉర్దూ మాటలేనని మా ఇంట్లో వాదన నడుస్తోంది. నిజమేనా?

జవాబు:

చమ్కీ వరకు నిజమే అమ్మా. మెరుపు అనే అర్థమున్న ‘చమక్’ నుంచి అది ఉర్దూ, హిందీల మీదుగా మనకు వచ్చింది. చాకు కూడా ఆ దారినే వచ్చింది. అంగీ సంగతి వేరు. కన్నడంలో ఈనాటికీ చొక్కాను అంగి అనే అంటారు. నిజాం కాలంలో వచ్చిన మాటల జాబితాలో దానిని చేర్చనక్కరలేదు. ‘లాగు’ గురించి కూడా ఎవరైనా అడుగుతారని తెలుసు. దానికి మీ ఊళ్లో ఏ అర్థమో, పొట్టిదా పొడుగుదా, ముందు మీరందరూ రాయండి. ఆ తరువాత మాట్లాడుకుందాం.