అంతర్వేది, పేరుపాలెం వైపు చిన్న కెరటాలకి ఏ సర్ఫ్ బోర్డు తీసుకోవాలి?

రాజోలు కుర్రోడు:
నమస్కారమండి అందరికీ. రుషికొండలో అద్దె బోర్డు మీద నేర్చుకున్నాను, నురగలో లేచి నిలబడతాను, అల విరక్కముందే పట్టుకోవడం కూడా అప్పుడప్పుడూ కుదురుతోంది. ఇప్పుడు పని ఇంటి నుంచే కాబట్టి ఊరొచ్చేశాను. దగ్గర్లో ఉన్నది అంతర్వేది, లేదంటే సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం మీదుగా పేరుపాలెం. మన కెరటాలు తెలుసుగా, మోకాలి దగ్గర్నుంచి నడుం దాకా ఉంటాయి, ఎక్కడో దూరాన విరిగిపోయి ఒడ్డు దాకా ఈడ్చుకుంటూ వస్తాయి, తోపు ఉండదు. నేను 74 కిలోలు, ఎత్తు 5 అడుగుల 8. చెన్నైలో ఒకతను 6 అడుగుల షార్ట్‌బోర్డు, 29 లీటర్లది, సెకండ్ హ్యాండ్‌లో ఇస్తానంటున్నాడు, చూడ్డానికి కత్తిలా ఉంది. తీసేసుకోనా? పెద్ద బోర్డు కొంటే ఇంట్లో పడవ కొన్నావేంట్రా అంటారు, పైగా నాకున్నది బైకే.

ఉప్పాడ గాలి:
వద్దండి బాబూ, దాని జోలికి పోకండి. ఆ లీటర్లు ఊరికే రాసినవి కాదు, బోర్డు మిమ్మల్ని ఎంత తేలుస్తుందో చెప్పే లెక్క. మీ దశలో కిలోకి ఒక లీటరుకి తగ్గకూడదు అంటారు, అంటే మీకు 75 పైనే. 29 లీటర్లంటే మీరు ఛాతీ దాకా నీళ్ళలో మునిగి చేతులు నొప్పెట్టేలా ఈదుతుంటే అల మీ కింద నుంచి వెళ్ళిపోద్ది.
వీడియోల్లో వాళ్ళు ఎక్కేది ఇండోనేషియాలో పగడపు దిబ్బల మీద నిటారుగా లేచే అలల్ని. అక్కడ లోతు ఒక్కసారిగా తగ్గుతుంది కాబట్టి అల లేచి తోస్తుంది. మన దగ్గర గోదారి తెచ్చిపోసిన ఇసకా ఒండ్రూ, నేల చదును, లోతు మెల్లమెల్లగా తగ్గుతుంది, అందుకే అల పైనుంచి కొంచెం కొంచెంగా చితికి నురగైపోద్ది. అల తొయ్యనప్పుడు ఆ పని బోర్డే చెయ్యాలి మరి.
కొనేముందు బోర్డుని నేల మీద పెట్టి పక్కనుంచి చూడండి, ముక్కు ఎంత పైకి లేచిందో. దాన్ని రాకర్ అంటారు. ముక్కు బాగా లేచిన బోర్డు నిటారు అల మీద పొడుచుకోకుండా దిగుతుంది గానీ మన చదును అలల మీద అదే నీళ్ళని తోసుకుంటూ బ్రేకేసినట్టు ఆగిపోద్ది. మీక్కావలసింది చదునుగా ఉన్నది, వెడల్పు 22 అంగుళాలు, తోక కూడా వెడల్పుగా ఉన్నది. నన్నడిగితే 8 అడుగుల సాఫ్ట్‌టాప్, అంటే పైన మెత్తటి ఫోమ్ ఉన్న బోర్డు, ఎనభై లీటర్ల దగ్గర్లో వస్తుంది, తలకి తగిలినా పగలదు.

నరసాపురం లేసు:
సాఫ్ట్‌టాప్ సరే గానీ ఏడాది తిరక్కుండానే విసుగొచ్చేస్తుంది, మెత్తగా ఉంటుంది కాబట్టి తిప్పితే తిరగదు. డబ్బులుంటే 7 అడుగుల పైన మిడ్‌లెంగ్త్ చూడండి, అంటే మరీ పొట్టీ మరీ పొడుగూ కాని బోర్డు, యాభై లీటర్లు ఉండేది. కాస్త చెయ్యి తిరిగాక ఫిష్ తీసుకోవచ్చు, పొట్టిగా వెడల్పుగా తోక చేప తోకలా చీలి ఉంటుంది, అడుగున రెక్కల్లాంటి ఫిన్లు రెండే. దాన్ని 1967లో శాన్ డియాగోలో స్టీవ్ లిస్ అనే ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నడిపే బోర్డుగా చేశాడు, తర్వాత నిలబడేవాళ్ళకీ నచ్చేసింది. మధ్యలో ఫిన్ లేదు కాబట్టి ఈడ్పు తక్కువ, చచ్చు అల మీద కూడా జారుతుంది.
బైక్ సంగతంటారా, పక్కన తగిలించే ర్యాకులు దొరుకుతాయి. అయితే 8 అడుగుల బోర్డుతో కాలవ గట్టు మీద వెళ్తుంటే ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వచ్చిందంటే మీ పని అంతే. ఒడ్డు దగ్గర తెలిసినవాళ్ళ పాకలో నీడన పెట్టుకోండి. పంటు మీద తీసుకెళ్తే మాత్రం అవతలి రేవు వచ్చేదాకా ఇదేంటి, ఎంతయింది, చేపలు పడతాయా అని అందరికీ జవాబు చెప్పాలి.

ఉప్పాడ గాలి:
@నరసాపురం లేసు 50 లీటర్లు ఇప్పుడే ఎందుకండి? కుర్రోడికి కావలసింది ఎక్కువ అలలు ఎక్కడం. తిప్పడం తర్వాత సంగతి.

మొగ దగ్గరోడు:
బోర్డు ఏదైనా ముందు ఎప్పుడు దిగుతున్నారో చూసుకోండి. ఎత్తు ఒకటే ఉన్నా 6 సెకన్లకోసారి వచ్చే గాలి అలకీ 12 సెకన్లకోసారి వచ్చే దూరపు అలకీ బలంలో రెట్టింపు తేడా. సముద్రం సమాచారం ఇచ్చే హైదరాబాద్ ఇన్‌కాయిస్ వాళ్ళ సైట్లో రెండూ చూపిస్తారు, ఎత్తొక్కటే చూసి బయల్దేరకండి. తెల్లారగట్ల నేల మీంచి గాలి ఉన్నంతసేపే అల శుభ్రంగా ఉంటుంది, ఎండెక్కాక సముద్రం గాలి మొదలై అంతా చెదిరిపోద్ది. నిండు పోటులో అల బయట విరక్కుండా వచ్చి ఒడ్డు మీదే పడుతుంది, అందుకని సగం పోటులో దిగండి.
అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు మాత్రం వద్దు. అల బాగుందనిపిస్తుంది, ఇసక మేట మీద విరుగుతుంది కాబట్టి, కానీ పాటు మొదలైతే వశిష్ఠ నీరంతా సముద్రంలోకి లాగుద్ది, ఎంత పెద్ద బోర్డున్నా ఎదురీదలేరు. ధవళేశ్వరంలో గేట్లెత్తిన రోజుల్లో అసలే దిగొద్దు, మొద్దులూ గుర్రపుడెక్కా కొట్టుకొస్తాయి. జాలర్లు ఒడ్డు నుంచి అలివి వల లాగుతుంటే తాడుకి దూరంగా ఉండండి, లేదా వాళ్ళయ్యేదాకా ఆగి ఓ చెయ్యి వెయ్యండి, తర్వాత మీ బోర్డుని వాళ్ళే చూసుకుంటారు.

రాజోలు కుర్రోడు:
ఆయ్, చెన్నై అతనికి వద్దని మెసేజ్ పెట్టేశానండి. 8 అడుగుల సాఫ్ట్‌టాపే చూస్తున్నాను. ఒక్క డౌటు, ముందు ముందు గట్టి బోర్డు కొని ఎక్కడైనా పగిలితే మన ఫైబర్ బోట్లు బాగుచేసే మేస్త్రీ దగ్గర అతికించుకోవచ్చా?

మొగ దగ్గరోడు:
లోపల ఏ ఫోమ్ ఉందో కనుక్కోండి ముందు. పియు, అంటే పాలియురేతేన్ ఫోమ్ అయితే బోట్లకి వాడే పాలిస్టర్ రెజిన్ సరిపోతుంది, మేస్త్రీకి వెన్నతో పెట్టిన విద్య. ఎపాక్సీ అని అమ్మేవాటిల్లో ఎక్కువగా ఈపీఎస్, అంటే టీవీ డబ్బాల్లో వచ్చే థర్మోకోల్ లాంటిదే ఉంటుంది, పాలిస్టర్ తగిలిందంటే కరిగి గుంట పడుతుంది. దానికి ఎపాక్సీ రెజినే వెయ్యాలి. చిల్లు పడ్డ బోర్డుతో నీళ్ళలో ఉండిపోకండి, ఫోమ్ నీళ్ళు తాగేస్తుంది. ఆరబెట్టేది కూడా నీడలోనే, రోహిణి కార్తె ఎండలో పెడితే పైపొర ఉబ్బి ఊడొస్తుంది.